హార్మోన్ దండిగా ఉంది, పని మాత్రం జరగలేదు: ఫిట్స్‌తో వచ్చిన ఒక పిల్లాడి కేసు

కాల్షియం తగ్గి చేతులు కొంకర్లు పోతున్న పిల్లలు మన దగ్గర తరచుగా వస్తుంటారు. ఎక్కువమందిలో కారణం విటమిన్ డి లోపం. సాచెట్లు ఇస్తే కోలుకుంటారు. ఈ పిల్లాడికి కూడా విటమిన్ డి లోపం ఉంది. అసలు జబ్బు దాని చాటున ఉండిపోయింది, అందుకే ఈ కేసు రాస్తున్నాను. హార్మోన్ కణం గడప దాకా వస్తే, ఆ కబురును లోపలికి మోసుకెళ్లే సెకండ్ మెసెంజర్ గురించి మనం ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో చదివి, పరీక్ష రాసి మర్చిపోతాం. ఇక్కడ ఆ పాఠం గుర్తొస్తే తప్ప మందుల చీటీ రాయడం కుదరలేదు. కుటుంబం అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

అంతకుముందు జరిగింది

పిల్లాడికి పన్నెండేళ్లు. వ్యవసాయ కుటుంబం, తల్లిదండ్రులది మేనరికం. కాన్పు మామూలుగానే అయింది. రెండేళ్లు దాటాక బాగా ఒళ్లు చేశాడు. ఎత్తు మాత్రం తోటి పిల్లలంత రాలేదు. చదువులో కొంచెం వెనక. తొమ్మిదో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చాయి.

అప్పుడు తీసిన సీటీ స్కాన్‌లో మెదడులో తెల్లటి కాల్షియం మచ్చలు కనిపించాయి. మన ప్రాంతంలో ఫిట్స్ ఉన్న పిల్లాడి మెదడులో కాల్షియం మచ్చ కనిపిస్తే ముందుగా గుర్తొచ్చేది న్యూరోసిస్టిసర్కోసిస్, అంటే బద్దెపురుగు తిత్తులు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. అల్బెండజోల్ కోర్సు ఇచ్చారు, ఫెనిటాయిన్ మొదలుపెట్టారు. ఫిట్స్ తగ్గలేదు, మోతాదు పెంచారు. తర్వాత వాల్‌ప్రోయేట్ కూడా చేర్చారు. కొన్నాళ్లకు చేతులు కొంకర్లు పోవడం మొదలయ్యాక ఎవరో కాల్షియం చూశారు. 6.4 ఉంది. విటమిన్ డి కూడా తక్కువే. వారానికి ఒక 60,000 యూనిట్ల సాచెట్, కాల్షియం మాత్రలు రాశారు. కాస్త కుదుటపడ్డాడు, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది.

ఆ ఫైల్లో కాల్షియం రిపోర్టులు చాలానే ఉన్నాయి. ఫాస్ఫేట్ రిపోర్టు మాత్రం ఒక్కటీ లేదు.

మా దగ్గరికి వచ్చిన రోజు

రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి, బొటనవేళ్లు అరచేతుల్లోకి ముడుచుకుని ఉన్నాయి. నోటి చుట్టూ తిమ్మిర్లు అంటున్నాడు. స్పృహలోనే ఉన్నాడు. చెవి ముందు వేలితో తడితే పెదవి మూల ఎగిరిపడింది. ఈసీజీలో క్యూటీ వ్యవధి (గుండె కింది గదులు ఒకసారి కొట్టుకుని తేరుకునే సమయం) సాగి ఉంది. కాల్షియం 5.8, అల్బుమిన్ మామూలే. అంటే ఇది అల్బుమిన్ తగ్గడం వల్ల కనిపించే తప్పుడు అంకె కాదు.

కాల్షియం ఎక్కించే ముందే పారాథైరాయిడ్ హార్మోన్ (ఇకపై పీటీహెచ్), ఫాస్ఫేట్, మెగ్నీషియం, విటమిన్ డి, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్‌ల కోసం రక్తం తీసి పక్కన పెట్టాం. కాల్షియం లోపలికి వెళ్లగానే పీటీహెచ్ పడిపోతుంది. తర్వాత తీసిన రక్తం అసలు పరిస్థితిని చూపదు. కంగారులో ఈ చిన్న పని తప్పిపోతే రోగ నిర్ధారణ వారాలు వెనక్కి పోతుంది.

తర్వాత 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు, మానిటర్ చూస్తూ పది నిమిషాల పైన మెల్లగా ఇచ్చాం. వేళ్లు విడిపోయాయి. ఆ తర్వాత సన్నగా డ్రిప్‌లో నడిపాం. అంకెను 9కి తెచ్చేయాలని తొందరపడలేదు. ఫాస్ఫేట్ ఎంతుందో ఇంకా తెలియదు. అది ఎక్కువగా ఉన్న రక్తంలోకి కాల్షియాన్ని గుమ్మరిస్తే రెండూ కలిసి మెత్తటి కణజాలంలో పేరుకుంటాయి. కొంకర్లు ఆగాలి, గుండె లయ చెడకూడదు. ఆ రోజుకు అంతకు మించి ఆశించలేదు.

రిపోర్టులు

ఫాస్ఫేట్ 7.6. ఆ వయసుకి 5.5 దాటితే ఎక్కువే. పీటీహెచ్ 410, ల్యాబ్ ఇచ్చిన పై హద్దు 65. విటమిన్ డి 11. క్రియాటినిన్, మెగ్నీషియం మామూలు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. కాల్షియం తక్కువ, పీటీహెచ్ ఎక్కువ, విటమిన్ డి తక్కువ. ఈ మూడే చూస్తే విటమిన్ డి లోపం అని రాసి ఫైలు మూసేయొచ్చు. కానీ విటమిన్ డి లోపంలో పెరిగిన పీటీహెచ్ తన పని తాను చేస్తుంది, కిడ్నీల చేత ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి పంపించేస్తుంది. కాబట్టి రక్తంలో ఫాస్ఫేట్ తగ్గాలి, లేదా మామూలుగా ఉండాలి. ఇక్కడ పెరిగింది. ఫాస్ఫేట్ పెరగడానికి కిడ్నీ జబ్బు లేదు. పారాథైరాయిడ్ గ్రంథులు పనిచేయడం లేదా అంటే పీటీహెచ్ దండిగా ఉంది. మెగ్నీషియం పడిపోతే పీటీహెచ్ విడుదలా తగ్గుతుంది, దాని మాట కణాలు వినడమూ తగ్గుతుంది. అదీ సరిగ్గానే ఉంది. హార్మోన్ ఉంది, కిడ్నీ ఉంది, కిడ్నీ మాత్రం ఆ మాట వినడం లేదు.

ఫాస్ఫేట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి దశాబ్దాల పాటు ప్రపంచమంతా వాడిన పద్ధతి 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. నేటి యంత్రాల్లో కూడా ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలవడమే ఆధారం. ఆ ఇద్దరే హార్వర్డ్‌లో 1929లో కండరం నుంచి ఏటీపీని, అంటే కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థాన్ని, వేరుచేశారు. ఈ కేసులో కొరత పడిన సెకండ్ మెసెంజర్ తయారయ్యేది ఆ ఏటీపీ నుంచే.

ముందు చేసింది, ఎందుకు సరిపోలేదు

పీటీహెచ్‌కు కిడ్నీ స్పందించడం లేదని అనుమానం బలంగా ఉన్నా, వెంటనే ఆ జబ్బు పేరు, సూడోహైపోపారాథైరాయిడిజం, రాయలేదు. విటమిన్ డి బాగా తగ్గిన కొందరు ఎదిగే పిల్లల్లో ఫాస్ఫేట్ పెరిగి, అచ్చం ఇలాగే కనిపించవచ్చు. విటమిన్ డి నింపితే అదంతా మాయమవుతుంది. పైగా ఫెనిటాయిన్ ఉంది. అది కాలేయంలో ఎంజైములను పురికొల్పి విటమిన్ డిని త్వరగా కరగదీస్తుంది. అంటే ఫిట్స్ కోసం ఇస్తున్న మందే, ఫిట్స్ తెప్పిస్తున్న కాల్షియం కొరతను పెంచుతోంది. మోతాదు పెంచిన కొద్దీ ఫిట్స్ ఎందుకు తగ్గలేదో అక్కడ కొంత అర్థమైంది.

అందుకని ముందు మామూలు విటమిన్ డి పూర్తి కోర్సు, భోజనంతో కాల్షియం కార్బొనేట్ ఇచ్చాం. న్యూరాలజిస్టుతో మాట్లాడి ఫెనిటాయిన్ స్థానంలోకి లెవెటిరాసెటామ్‌ను మెల్లగా తెచ్చాం. ఫెనిటాయిన్‌ను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఎగదన్నే ప్రమాదం ఉంది కాబట్టి కొత్త మందు కుదిరాకే పాతది తగ్గించాం.

కోర్సు అయ్యాక విటమిన్ డి 34కి వచ్చింది. కాల్షియం 7.1 దగ్గరే ఆగింది. ఫాస్ఫేట్ 7.2, పీటీహెచ్ 380. విటమిన్ డి లోపం తీరింది, జబ్బు అలాగే ఉంది. ఈ ఫలితం నాకు నిరాశ కలిగించలేదు. ముసుగు తీసి చూసినట్టయింది.

చేతులు, ఇంకో హార్మోన్

పిడికిలి బిగించమంటే నాలుగో, ఐదో వేళ్ల మొదట్లో కణుపులు పైకి లేవలేదు. అక్కడ గుంటలు పడ్డాయి. ఎక్స్‌రేలో ఆ వేళ్ల అరచేతి ఎముకలు పొట్టిగా ఉన్నాయి. పొట్ట చర్మం కింద గట్టిగా రెండు గింజల్లాంటివి తగిలాయి. పాత సీటీ మళ్లీ తీసి చూశాం. మచ్చలు రెండు పక్కలా సమానంగా, మెదడు లోతులో ఉండే బేసల్ గాంగ్లియాలో ఉన్నాయి. పురుగు తిత్తులు ఇలా కొలిచి పెట్టినట్టు ఉండవు, చెల్లాచెదురుగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే అక్కడ కాల్షియం ఇలాగే పేరుకుంటుంది.

థైరాయిడ్‌ను పురికొల్పే హార్మోన్ టీఎస్‌హెచ్ 14, అదీ ఎక్కువే. యాంటీబాడీలు లేవు, థైరాయిడ్ గ్రంథి వాయలేదు. చాలామంది దీన్ని ఇంకో చిన్న జబ్బుగా రాసి థైరాక్సిన్ ఇచ్చేస్తారు. నాకు మాత్రం ఈ అంకె దగ్గరే దారి స్పష్టమైంది. పీటీహెచ్ వేరు, టీఎస్‌హెచ్ వేరు, వాటిని అందుకునే రిసెప్టర్లు కూడా వేరు. ఒక పిల్లాడిలో రెండు రిసెప్టర్లు విడివిడిగా చెడిపోవడం నమ్మశక్యం కాదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడి ఉండాలి. ఆ ఉమ్మడి మెట్టు రిసెప్టర్ కిందే ఉంటుంది.

పీటీహెచ్ కణం లోపలికి వెళ్లదు. పొర మీద ఉన్న రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. రిసెప్టర్ తన కింద ఉన్న జీఎస్ ఆల్ఫా అనే ప్రోటీన్‌ను కదిలిస్తుంది. ఆ ప్రోటీన్ జీడీపీని వదిలి జీటీపీని పట్టుకుని, అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైమ్ ఏటీపీని సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. సెకండ్ మెసెంజర్ ఇదే. ఒక్క రిసెప్టర్ కదిలితే ఇవి లెక్కలేనన్ని పుడతాయి. ఇవి ప్రోటీన్ కైనేజ్ ఏను మేల్కొలిపితే, కిడ్నీ తొలి నాళికలో ఫాస్ఫేట్‌ను వెనక్కి లాగే రవాణా ప్రోటీన్లు పొర మీది నుంచి తప్పుకుంటాయి. ఫాస్ఫేట్ మూత్రంలోకి పోతుంది. అక్కడే మామూలు విటమిన్ డిని చురుకైన కాల్సిట్రయాల్‌గా మార్చే ఎంజైమ్ కూడా పెరుగుతుంది. పని అయ్యాక ఫాస్ఫోడైఎస్టరేజ్ సైక్లిక్ ఏఎంపీని కత్తిరించేస్తుంది. పీటీహెచ్ రిసెప్టర్‌కు ఐపీ3, కణంలోని కాల్షియం ద్వారా నడిచే ఇంకో దారి కూడా ఉంది. కానీ సైక్లిక్ ఏఎంపీ దారి మూసుకుపోతే ఆ లోటును అది పూడ్చలేదు.

టీఎస్‌హెచ్ కూడా థైరాయిడ్‌లో ఇదే జీఎస్ ఆల్ఫాను వాడుకుంటుంది. ఈ ప్రోటీన్ ఆగకుండా పనిచేస్తే ఏమవుతుందో కలరాలో చూస్తాం. కలరా విషం దాన్ని పేగు కణాల్లో 'ఆన్' స్థితిలోనే బిగించేస్తుంది, సైక్లిక్ ఏఎంపీ పెరిగిపోయి ఒంట్లోని నీరంతా విరేచనాల్లో పోతుంది. మా పిల్లాడిది దానికి అటు చివర.

ఈ జబ్బును బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ బృందం 1942లో వర్ణించింది. పేరు సూడోహైపోపారాథైరాయిడిజం. హార్మోన్ ఉన్నా అవయవం వినకపోవచ్చన్న ఆలోచన అప్పటికి కొత్తది. ఆయన ఉదాహరణగా తీసుకున్నది సీబ్రైట్ బాంటమ్ కోడిపుంజును, దానికి పెట్ట ఈకలు ఉంటాయి. ఆ పుంజు చర్మంలో మగ హార్మోన్ ఆడ హార్మోన్‌గా మారిపోవడమే అందుకు కారణమని తర్వాత తేలింది. ఉదాహరణ తప్పింది, ఆలోచన నిలిచింది. అప్పటికి సైక్లిక్ ఏఎంపీ అంటే ఎవరికీ తెలియదు. ఎర్ల్ సదర్లాండ్ క్లీవ్‌లాండ్‌లో కాలేయ కణాలను చిదిపి చేసిన ప్రయోగాల్లో 1950ల చివర్లో అది బయటపడింది. హార్మోన్, కణపొరల ముక్కలు కలిసినప్పుడు పుట్టిన పదార్థాన్ని మరిగించి మిగతా భాగంలో కలిపినా పని జరిగింది. 1971లో ఆయనకు నోబెల్ వచ్చింది. జీఎస్ ఆల్ఫా లాంటి జీ ప్రోటీన్లకు గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో వచ్చింది. ఈ రెంటికీ ముందే, 1969లో, ఆర్‌బాక్ బృందం ఈ రోగులకు పీటీహెచ్ ఎక్కించి, మూత్రంలో సైక్లిక్ ఏఎంపీ పెరగడం లేదని చూపింది.

ఆ పరీక్ష మేం చేయలేదు. దానికి కావలసిన పీటీహెచ్ ఇంజెక్షన్, సైక్లిక్ ఏఎంపీ కొలిచే ఏర్పాటు అన్నిచోట్లా దొరకవు. జన్యు పరీక్ష ఇప్పుడు దానికంటే సులువు.

తల్లి చేతులు

తల్లి కూడా పొట్టి. ఆమెనూ పిడికిలి పట్టమన్నాను. అవే గుంటలు. కానీ ఆమె కాల్షియం, ఫాస్ఫేట్, పీటీహెచ్, టీఎస్‌హెచ్ అన్నీ మామూలు. జీఎస్ ఆల్ఫాను తయారుచేసే జీఎన్‌ఏఎస్ జన్యువులో ఏడో ఎక్సాన్ అనే ముక్కలో నాలుగు అక్షరాల లోపం కొడుకులోనూ ఉంది, తల్లిలోనూ ఉంది. ఎన్నో కుటుంబాల్లో కనిపించిన లోపం అది.

ఒకే లోపం, మరి ఒకరికి జబ్బు, ఇంకొకరికి పొట్టి వేళ్లు మాత్రమే ఎందుకు? చాలా కణాల్లో తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ పనిచేస్తాయి. కిడ్నీ తొలి నాళిక, థైరాయిడ్, పిట్యూటరీ, బీజకోశాల్లో మాత్రం తండ్రి ప్రతి దాదాపు నిద్రపోతుంది, తల్లి ప్రతే పనిచేస్తుంది. పిల్లాడికి చెడిన ప్రతి తల్లి నుంచి వచ్చింది కాబట్టి ఆ చోట్లలో ఏమీ మిగల్లేదు. తల్లికి అది తన తండ్రి నుంచి వచ్చింది. ఎలాగూ నిద్రపోయే ప్రతే కాబట్టి ఆమె హార్మోన్లు దెబ్బతినలేదు. ఎముకల పెరుగుదలకు రెండు ప్రతులూ కావాలి, అందుకే వేళ్లు ఇద్దరికీ పొట్టే. అడ్రినల్‌లో రెండూ పనిచేస్తాయి కాబట్టి, దాన్ని నడిపే ఏసీటీహెచ్ హార్మోన్ కూడా సైక్లిక్ ఏఎంపీ మీదే ఆధారపడినా కార్టిసాల్ బాగానే ఉంది.

ఇంట్లో అందరూ మేనరికాన్నే తిట్టుకుంటున్నారు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు ఉన్న మాట నిజమే, వాటికి లోపం రెండు వైపుల నుంచీ రావాలి. ఇది అలాంటిది కాదు, తండ్రిలో లోపమే లేదు. ఆమె ఎవరిని పెళ్లి చేసుకున్నా ఒక్కో కాన్పుకీ సగం అవకాశం ఇలాగే ఉండేదని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. అత్తగారినీ పిలవమన్నాను. ఆ మాట వినాల్సిన మనిషి ఆవిడే అనిపించింది.

తల్లి ఒక ప్రశ్న అడిగింది. "హార్మోన్ ఇంత ఎక్కువ ఉందంటున్నారు కదా డాక్టర్ గారూ, తగ్గించే మందు ఇవ్వరా?"

"లోపల బెల్లు వైరు తెగిందమ్మా. గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరూ పలకడం లేదని బెల్లు నొక్కుతూనే ఉన్నాడు. మనం ఆయన్ని తరిమేయకూడదు. ఆయన చెప్పాలనుకున్న పని మనమే చేసిపెడితే తనంతట తాను ఆగుతాడు" అన్నాను.

పనిచేసింది

సైక్లిక్ ఏఎంపీని మాత్రగా ఇచ్చే వీలు లేదు. తెగిన మెట్టు దాటి, దాని కింద జరగాల్సిన పనిని మందుతో చేయాలి. కిడ్నీ విటమిన్ డిని చురుకుగా మార్చలేకపోతోంది కాబట్టి, మార్చి ఉన్న కాల్సిట్రయాల్‌నే ఇవ్వాలి. ఏళ్ల తరబడి సాచెట్లు ఎందుకు చాలలేదో ఇదే చెబుతుంది. రోజుకి రెండుసార్లు 0.25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, రక్తం చూసుకుంటూ 0.5కి తెచ్చాం. కాల్షియం కార్బొనేట్ అన్నంతోనే తినాలని గట్టిగా చెప్పాం. అలా తింటే ఆహారంలోని ఫాస్ఫేట్‌ను పేగులోనే పట్టేస్తుంది.

కాల్షియం 8.7కి, ఫాస్ఫేట్ 5.6కి వచ్చాయి. థైరాయిడ్ లోటుకు థైరాక్సిన్ కూడా ఇస్తున్నాం, టీఎస్‌హెచ్ మాత్రం దిగలేదు. మోతాదు పెంచే ముందు మాత్రలు ఎలా వేస్తున్నారో చూపించమన్నాం. స్కూలుకి వెళ్లే తొందరలో అన్నీ ఒకే గుక్కలో మింగిస్తున్నారు. కాల్షియం థైరాక్సిన్‌ను పేగులోనే కట్టేస్తుంది. థైరాక్సిన్‌ను నిద్ర లేవగానే పరగడుపున, కాల్షియాన్ని మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు మార్చాం. పాత మోతాదుకే టీఎస్‌హెచ్ దిగింది.

పీటీహెచ్ ఎంత ఉండాలన్నది ఇంకో ఆలోచన. కాల్షియం అంకె బాగుంది కదా అని పీటీహెచ్ 300 దగ్గర వదిలేయకూడదు. ఎముకల్లో రెండు ప్రతులూ పనిచేస్తాయి, అవి ఆ హార్మోన్ మాట వింటాయి. ఏళ్ల తరబడి అంత పీటీహెచ్ ఉంటే ఎముక కరుగుతుంది. అలాగని పూర్తిగా అణచేయడమూ మంచిది కాదు. కిడ్నీ చివరి నాళికలో కాల్షియాన్ని వెనక్కి పట్టే పని పీటీహెచ్ ఈ పిల్లల్లో కూడా చేస్తుంది. అది పోతే కాల్షియం మూత్రంలోకి జారి రాళ్లు కట్టే భయం ఉంది. కాబట్టి పై హద్దుకు కాస్త అటూ ఇటూ ఉండేలా చూస్తున్నాం. చివరి రిపోర్టు 88. మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ నిష్పత్తి ప్రతిసారీ చూస్తాం.

కాల్షియం నిలబడ్డాక ఫిట్స్ రాలేదు. ఈఈజీ చూసి న్యూరాలజిస్టు ముందు వాల్‌ప్రోయేట్, తర్వాత లెవెటిరాసెటామ్ తగ్గించి ఆపేశారు. కంటి పరీక్షలో లెన్స్ వెనక చిన్న మసక ఉంది, ప్రస్తుతానికి చూపుకి అడ్డం కాదు. బరువు తగ్గలేదు. మెదడులో ఆకలిని అదుపు చేసే ఒక రిసెప్టర్ కూడా ఇదే ప్రోటీన్ మీద ఆధారపడుతుంది. ఇది తిండిపోతుతనం కాదని స్కూలు టీచర్‌కి ఒక ఉత్తరం రాసిచ్చాను.

ఇప్పుడు మా పద్ధతిలో మారినవి

ఫిట్స్ లేదా కొంకర్లతో వచ్చిన పిల్లల్లో కాల్షియం రాసే ప్రతిసారీ దాని పక్కనే ఫాస్ఫేట్ కూడా రాస్తున్నాం. పెద్ద ఖర్చేమీ కాదు. మెదడులో కాల్షియం రెండు వైపులా సమానంగా ఉంటే, బద్దెపురుగు మందు రాసే ముందే ఈ రెండూ చూడాలని మా దగ్గర నేర్చుకునే డాక్టర్లకు చెబుతున్నాం. రెండు హార్మోన్లు కలిసి పెరిగి, రెండూ పనిచేయనట్టు కనిపిస్తే, రెండు జబ్బుల పేర్లు రాసే ముందు కణం లోపల వాటి దారులు ఎక్కడ కలుస్తాయో కాగితం మీద గీసి చూడమంటున్నాను. పిడికిలి పరీక్షకైతే పైసా ఖర్చు లేదు.

పిల్లాడికి ఇక చూడాల్సింది యవ్వన దశ. బీజకోశాలను నడిపే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్లు కూడా ఇదే దారి వాడతాయి. ఎముకల చివర్లు ముందుగా అతుక్కుపోతాయి కాబట్టి ఎత్తు పెరిగే కాలం తక్కువ. గ్రోత్ హార్మోన్ పరీక్ష కూడా జరుగుతోంది.

ఈ మధ్య ఆ తల్లి తన చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆమె వేళ్లూ పొట్టివే. చేతిలో మూడు నెలల పాప. పాపకు టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, కాల్షియం, ఫాస్ఫేట్, పీటీహెచ్ అన్నీ మామూలు. ఈ జబ్బులో టీఎస్‌హెచ్ పట్ల స్పందన లోపం పుట్టుక నుంచే కనిపించవచ్చు. పీటీహెచ్ పట్ల లోపం తేలడానికి కొన్నేళ్లు పడుతుంది. కాబట్టి ఇప్పటి మామూలు అంకెలు పాపకు జబ్బు లేదని చెప్పలేవు. జన్యు పరీక్షకు రక్తం పంపాం. థైరాక్సిన్ మొదలుపెట్టాం. ఫలితం తెలిసేదాకా కాల్షియం, ఫాస్ఫేట్, పీటీహెచ్ విడవకుండా చూస్తూ ఉంటాం.